అన్నం గిన్నె చుట్టూ కాంటొనీస్ మాటలు

కాంటొనీస్ మాట్లాడే ఊళ్లలో భోజనాల వేళ ఎదురైన మనిషిని ‘సిక్ జో ఫాన్ మెయ్ ఆ?’ అని పలకరిస్తారు. అన్నం తిన్నావా, ఇంకా లేదా అని దాని అర్థం. ‘సిక్ జో లా’, అంటే తిన్నాను, అనేస్తే పలకరింపు పూర్తయినట్టే. ఏం కూర అని ఎవరూ ఆరా తీయరు. తినలేదన్నా సరే, అడిగినవాళ్లు లోపలికి పిలిచి వడ్డించాల్సిన పని లేదు. ‘భోంచేశారా?’ అని పలకరించుకునే తెలుగువాళ్లకు ఇంతవరకు వింతేమీ లేదు. అసలు వింత ఆ తర్వాత మొదలవుతుంది. తినడమనే ‘సిక్’, అన్నమనే ‘ఫాన్’, ఈ రెండు మాటల నుంచి కాంటొనీస్ వాళ్లు ఉద్యోగాన్నీ, జైలునీ, నమ్మకద్రోహాన్నీ, కన్నకొడుకు మీద కోపాన్నీ చెప్పే మాటలు పుట్టించుకున్నారు. ఇంట్లో ముఖం మీద చెప్పుకోలేని సంగతులు చాలావరకు ఈ తిండి మాటల చాటునే నడిచిపోతాయి.

కాంటొనీస్ చైనా దక్షిణ తీరంలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు భాష. హాంకాంగ్, మకావ్‌లలో జనం నోట నడిచేది ఇదే. 19వ శతాబ్దం నుంచి ఓడలెక్కి పోయినవాళ్ల వెంట కౌలాలంపూర్‌కీ, ఈపోకీ, శాన్‌ఫ్రాన్సిస్కోకీ, వాంకూవర్‌కీ చేరింది. చైనా అధికార భాష మాండరిన్‌కూ దీనికీ రాత దగ్గర చుట్టరికం ఉంది గానీ, బీజింగ్ మనిషికి హాంకాంగ్ సంతలో మాట వినబడితే ఒక్క ముక్క అర్థం కాదు. తినడానికి మాండరిన్ ఇప్పుడు వేరే క్రియ వాడుతోంది. కాంటొనీస్ మాత్రం ప్రాచీన గ్రంథాల్లోని పాత క్రియనే ‘సిక్’గా వంటింట్లో నిలుపుకుంది. తాగడమనే ‘యమ్’ కూడా అంతే పాతది. గొంతు ఎత్తు, దిగుడులను బట్టి మాట అర్థం మారిపోయే భాష ఇది. అలాంటి స్వరాలు ఆరున్నాయి. తెలుగు లిపిలో రాస్తే ఆ స్వరాలు కనబడవు గానీ ఒక్క మేలు ఉంది. తెలుగు అక్షరమాలలో పనీపాటా లేక కూర్చున్న ‘ఙ’తో ఇక్కడ బోలెడు మాటలు మొదలవుతాయి. కన్ను ‘ఙాన్’, నేను అనడానికి ‘ఙో’. హాంకాంగ్ కుర్రకారు ఆ ‘ఙ’ను మింగేస్తున్నారని పెద్దవాళ్లు విసుక్కుంటూ ఉంటారు.

ఇంగ్లీషులో పొలంలో ఉన్నదీ, బస్తాలో ఉన్నదీ, పళ్లెంలో ఉన్నదీ అంతా రైసే. వరి పండించి బతికేవాళ్లకు ఆ ఒక్క మాట చాలదు. తెలుగులో వరి, వడ్లు, బియ్యం, అన్నం ఉన్నట్టే కాంటొనీస్‌లో ‘వో’, ‘గుక్’, ‘మయ్’, ‘ఫాన్’ ఉన్నాయి. సామెతల్లో వీటిలో ఏది ఎక్కడ పడుతుందో గమనిస్తే సరదాగా ఉంటుంది. పని పోయి, దాచుకున్న సొమ్ము కరిగించుకుంటూ రోజులు నెట్టేవాడిని ‘సిక్ గుక్ జుంగ్’ అంటారు. విత్తనపు వడ్లు తింటున్నాడని అర్థం. రేపటి పంట ఇవాళ కుండలోకి పోయిందన్న మాట. ఒకే కడుపున పుట్టిన ఇద్దరు చెరో దారిన పోతే ‘యత్ యొంగ్ మయ్ యొంగ్ బాక్ యొంగ్ యన్’ అంటారు. ఒకే రకం బియ్యం నూరు రకాల మనుషుల్ని పెంచుతుందని దాని భావం. ఎదురు చెప్పే కుర్రవాడికి పెద్దవాళ్లు ఇచ్చే జవాబులోనూ బియ్యముంది: నువ్వు తిన్న బియ్యం కన్నా నేను తిన్న ఉప్పే ఎక్కువ! కుర్రవాడి వయసును బియ్యంతో, తన వయసును ఉప్పుతో తూచడంలోనే ఉంది చమత్కారమంతా. ‘ఫాన్’ మాత్రం అన్నమే కాదు, పూట భోజనం కూడా. రాత్రి భోజనం ‘మాన్ ఫాన్’. ఇంటికొచ్చి భోంచేస్తావా అని ఫోన్లో అడిగితే ‘ఫాన్ లే సిక్ ఫాన్’ అన్న మాట వినబడుతుంది. అందులో మొదటి ‘ఫాన్’ తిరిగి రావడం, రెండోది అన్నం. తేడా అంతా స్వరంలోనే.

అన్నం పక్కన వచ్చేదంతా ‘సుంగ్’. వేపుడైనా, ఆవిరి మీద ఉడికిన చేపైనా, గుడ్డట్టైనా, ఆకుకూరైనా సుంగే. పాతతరం తెలుగువాళ్లు వాడే ‘ఆదరువు’ అన్న మాట దీనికి చక్కగా సరిపోతుంది. ఇదే ఉచ్చారణకు సాగనంపడమనే అర్థం కూడా ఉంది. అన్నాన్ని గొంతు దిగేదాకా సాగనంపేది కాబట్టి సుంగ్ అయింది. బజారుకు వెళ్లడాన్ని ‘మాయ్ సుంగ్’, ఆదరువు కొనడం, అంటారు. మామూలు సంసారి ఇంటి రాత్రి భోజనానికి ఒక లెక్క ఉంది: మూడు సుంగ్‌లు, ఒక సూప్. ఇంటికి అనుకోని చుట్టమొచ్చినా, గుర్రప్పందెంలో నాలుగు డాలర్లు తగిలినా ఆ లెక్కకు ఇంకొకటి కలుస్తుంది. దాన్ని ‘గా సుంగ్’ అంటారు. అప్పటికప్పుడు వండే తీరిక ఎవరికి ఉంటుంది? నిప్పుల సెగ మీద కాల్చిన బాతులు, పంది మాంసం కొక్కేలకు వేలాడదీసిన ‘సియు మెయ్’ దుకాణం వీధి మలుపులో ఉండనే ఉంటుంది. అక్కడ మొద్దు మీద టకటకా నరికించి పొట్లం కట్టించుకు రావడం ‘జామ్ లియు’. సరుకు నరికించడమని అక్షరాలా అర్థం. సాయంత్రం నాన్న చేతిలో ఆ పొట్లం కనబడితే పిల్లలకు వేరే శుభవార్త చెప్పక్కర్లేదు.

అతిథి మొహమాటపడితే ఇంటివాళ్లు ‘దో గో యన్ దో సొంగ్ ఫాయ్’ అంటారు. ఒక మనిషి పెరిగితే ఒక జత చాప్‌స్టిక్స్ పెరుగుతాయి, అంతేగా అని. ఈ మాట చెప్పడం తేలిక. హాంకాంగ్‌లో చాలామంది దీన్ని ఎలాంటి గదుల్లో కూర్చుని అన్నారో తెలిస్తే దాని బరువు తెలుస్తుంది. 1953 క్రిస్మస్ రాత్రి షెక్ కిప్ మేయ్ గుడిసెల్లో మంటలు రేగి 50,000 మందికి పైగా నిలువనీడ లేనివాళ్లయ్యారు. మరుసటి ఏడాది నుంచి ప్రభుత్వం కట్టించిన మొదటి తరం పునరావాస భవనాల్లో అయిదుగురు పెద్దవాళ్లకు కేటాయించిన గది 120 చదరపు అడుగులు. వంటగది లేదు. తలుపు బయట ఉమ్మడి వసారాలోనే పొయ్యి పెట్టుకునేవారు. ఎవరింట్లో ఏం ఉడుకుతోందో అంతస్తంతా తెలిసేది. భోజనానికి మడత బల్ల విప్పితే నడవడానికి చోటుండేది కాదు. అక్కడ ఇంకో జత చాప్‌స్టిక్స్ అంటే ఇంకొకరి మోచేతికి చోటివ్వడం కూడా.

బల్ల చుట్టూ చేరాక చేతులు వెంటనే గిన్నెల మీదికి పోవు. ముందు ‘గియు యన్’ జరగాలి. మనుషుల్ని పిలవడమని దాని అర్థం. ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్లు పెద్దవాళ్లను వరసపెట్టి పేరు పేరునా కాదు, వరస వరసనా పిలుస్తారు: ‘యేయే సిక్ ఫాన్, మామా సిక్ ఫాన్, బాబా సిక్ ఫాన్...’ తాతయ్యా భోంచెయ్, నానమ్మా భోంచెయ్, నాన్నా భోంచెయ్ అని. నాన్న తల్లిదండ్రులకు యేయే, మామా అంటే అమ్మ తల్లిదండ్రులకు గుంగ్‌గుంగ్, పోపో. తెలుగులో నానమ్మ, అమ్మమ్మ వేరైనా తాతయ్య ఇద్దరికీ ఒకటే. ఇక్కడ తాతలకు కూడా మాట వేరు. నానమ్మను పిలిచే మామాకూ, అమ్మను పిలిచే మామాకూ తేడా రెండో అక్షరం స్వరంలో మాత్రమే ఉంటుంది. ఆకలి మీదున్న పిల్లలు ఈ జాబితాను ఒక్క గుక్కలో మంత్రంలా వల్లించేస్తారు. అయినా ఒక వరస తప్పిపోతే ఆ తప్పిపోయిన మనిషికి వెంటనే తెలుస్తుంది. అత్తాకోడళ్లకు పడని ఇళ్లలో కోడలి పిలుపు ఎంత గట్టిగా వచ్చింది, వచ్చిందా రాలేదా అన్నది ఆ పూట వాతావరణం చెప్పేస్తుంది. ఆ తర్వాత పెద్దాయన ‘హెయ్ ఫాయ్’ అంటారు. చాప్‌స్టిక్స్ ఎత్తండి అని. అప్పుడు మొదలు.

గిన్నెలన్నీ బల్ల మధ్యలో ఉంటాయి. ఎవరి అన్నం గిన్నె వారిది, సుంగ్ అందరిదీ. అందుకే చేతికి కట్టుబాట్లు. తన ముందున్న వైపు నుంచే తీసుకోవాలి. బల్ల దాటి అవతలి పళ్లెం మీద పడేవాడిని ‘ఫెయ్ జొంగ్ గ్వో హో’ అంటారు. ఏనుగు ఎగిరి నది దాటిందని. ఇది చైనా చదరంగం నుంచి వచ్చిన ఎత్తిపొడుపు. ఆ ఆటలో పలక మధ్య నది ఉంటుంది. ఏనుగు కాయ తన ఒడ్డును కాపాడాలే తప్ప నది దాటకూడదు. చిన్నప్పుడు ఒక్కసారి ఈ మాట పడ్డవాళ్లు పెద్దయ్యాక విందుల్లో కూడా దూరపు పళ్లెం వైపు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంటారు. చాప్‌స్టిక్స్‌ను అన్నంలో నిలువుగా గుచ్చితే మాత్రం ఎత్తిపొడుపు కాదు, నిజంగానే కసురుతారు. చనిపోయినవాళ్ల ముందు వెలిగించే అగరుబత్తుల్లా కనబడతాయి మరి. పడవల మీద బతికినవాళ్ల ఇళ్లలో చేప ఒక వైపు తినేశాక తిరగేయరు. చేప తిరగబడితే పడవ తిరగబడుతుందని భయం. పైవైపు అయ్యాక ముల్లు ఎత్తి తీసేసి కింది భాగం తింటారు. 2003లో సార్స్ వచ్చిపోయాక ఇంకో అలవాటు బలపడింది. పళ్లెంలోంచి తీసుకోవడానికి విడిగా పెట్టే ఉమ్మడి చాప్‌స్టిక్స్, ‘గుంగ్ ఫాయ్’, బల్ల మీదికి వచ్చాయి.

గిన్నెలో మెతుకులు వదిలిన పిల్లలకు పాత బెదిరింపు ఒకటి ఉంది. ఎన్ని మెతుకులు వదిలితే అన్ని స్ఫోటకపు మచ్చలున్న మొగుడో పెళ్లామో వస్తారని. ఆ ముఖానికి ‘దవ్ పెయ్’ అని పేరు. ఆశకొద్దీ వడ్డించుకుని తినలేక మూలిగేవాడిది ‘ఙాన్ ఫుత్ తో జాక్’, అంటే కన్ను వెడల్పు, పొట్ట ఇరుకు. తిండిపోతు ‘వయ్ సిక్ మావ్’. ఇది తిండి మీదే ధ్యాస ఉన్న పిల్లి. ఈ మాటలో ముద్దే ఎక్కువ, తిట్టు తక్కువ. ‘దాయ్ సిక్ లాన్’ అంటే మాత్రం తిట్టే: తిండికి ముందు, పనికి వెనక. అంతకన్నా గట్టిది ‘సిక్ సక్ మయ్’, తిని బియ్యానికి అడ్డుపడేవాడు. వీటన్నిటినీ మించిన తిట్టు కాంటొనీస్ తల్లిదండ్రుల సొంత ఆస్తి: ‘సాంగ్ గవ్ ఛా సియు హో గ్వో సాంగ్ నెయ్’. నిన్ను కనే బదులు ఒక ఛా సియు ముక్కను కన్నా బాగుండేదని అర్థం. ఛా సియు అంటే తేనె, సోయా పట్టించి ఎర్రగా కాల్చిన పంది మాంసం. కనీసం తినడానికైనా పనికొచ్చేదిగా అని తల్లి బాధ. తిట్లు తిన్న పిల్లలు పెద్దయ్యాక ఈ మాటనే నవ్వుతూ చెప్పుకుంటారు. ఎంత కోపంలో ఉన్నా ఆ తల్లికి పోలికకు దొరికింది ఇంట్లో అందరికీ ఇష్టమైన వంటకమే.

ఇంటి భోజనంలో పెద్దపీట సూప్‌ది. రెస్టారెంట్లలో మొదట తెచ్చిపెట్టే పలచని సూప్ లాంటిది కాదిది. మాంసం, ఎముకలు, దుంపలు, ఎండు ఖర్జూరాలు, మూలికలు వేసి సన్నసెగ మీద రెండు మూడు గంటలు మరిగించే ‘లో ఫో తోంగ్’. ఆదరువు లేకపోయినా సరే గానీ సూప్ లేకుండా భోజనమేమిటన్నది ఆ ప్రాంతపు సామెత. సూప్‌ను తినరు, తాగుతారు. వేరే కాపురం పెట్టిన కొడుక్కో, చదువుకని పోయిన కూతురికో అమ్మ ఫోన్ చేసి ‘ఫాన్ లే యమ్ తోంగ్’ అంటుంది. ఇంటికొచ్చి సూప్ తాగు అని. చూడాలనిపిస్తోంది, చిక్కిపోయావేమో, నిద్ర సరిగా పోతున్నావా... ఇవేవీ విడిగా అడగదు. సూప్‌లో ఏం వేసిందో మాత్రం వివరంగా చెబుతుంది. నిద్ర చాలనివాడికి ఒకటి, దగ్గుతున్నవాడికి ఇంకొకటి, పరీక్షలకు చదివేవాడికి మరొకటి. అడుగున మిగిలిన ముక్కల్ని ‘తోంగ్ జా’ అంటారు. సారమంతా సూప్‌లోకి దిగిపోయిన పిప్పి అది. పొదుపైన ఇళ్లలో దాన్నీ సోయా సాస్‌లో ముంచి తినేస్తారు.

సూప్‌లో ఏం వేయాలో నిర్ణయించే లెక్కను తెలుగువాళ్లకు వివరించడం చాలా తేలిక. వేడి చేసేది, చలవ చేసేది అన్న విభజనే అది. నూనెలో వేగినవి, లీచీ పళ్లు ‘యిత్ హెయ్’, వేడి. నోరు పూసినా, గొంతు మండినా, ముఖం మీద మొటిమ లేచినా నేరం నిన్న తిన్నదాని మీదికే పోతుంది. అప్పుడు వీధిలోని ‘లొంగ్ ఛా’ దుకాణంలో ఒక గిన్నెడు నల్లటి చేదు కషాయం తాగించాలి. పేరుకు చల్లని టీ. తాగేది వెచ్చగానే. అందులో తేయాకు అసలు ఉండకపోవచ్చు. ఈ కషాయాన్ని 2006లో చైనా జాతీయ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చారు.

తిండి పేర్ల దగ్గర కాంటొనీస్ వాళ్ల పట్టింపు ఇంకో మెట్టు పైన ఉంటుంది. స్వరాల భాష కావడంతో ఒకే శబ్దానికి అనేక అర్థాలు తగులుతాయి. అశుభం ధ్వనించే పేరు వంటింట్లోకి రాకూడదు. నాలుకకు పాత మాట ‘సిత్’. నష్టపోవడానికీ అదే శబ్దం. వ్యాపారం చేసుకునే ఊళ్లో పంది నాలుక కొంటూ నష్టమా అని అరవడం ఎవరికి ఇష్టం? అందుకని దాన్ని ‘లెయ్’ చేశారు. అది లాభానికి ఉన్న శబ్దం. కాలేయం ‘గోన్’ అంటే ఎండిపోవడమనీ వినబడుతుంది. చేతిలో చిల్లిగవ్వ లేదని. దాన్ని తడి, నిగారింపు అనే అర్థం వచ్చే ‘యొన్’గా మార్చారు. బీరకాయ అసలు పేరు ‘సి గ్వా’. ‘సి’ అన్నది ఓడిపోవడమనే ‘స్యూ’కు దగ్గర. అందుకే హాంకాంగ్ సంతలో బీరకాయ ‘సింగ్ గ్వా’ అయింది, గెలుపు కాయ. కాకరకాయలోని చేదును వదిలేసి ‘లొంగ్ గ్వా’, చలవ కాయ అన్నారు. బియ్యం డబ్బా ఖాళీ అయినప్పుడు ‘అయిపోయాయి’ అనకుండా ‘నిండుకున్నాయి’ అనే తెలుగిల్లాలికి ఈ జాగ్రత్త కొత్తది కాదు. వాళ్లకు ఖాళీ అనే మాటే చిక్కు. ‘హుంగ్’ అంటే ఖాళీ, అదే శబ్దానికి కీడు అని కూడా అర్థం. అద్దెకిచ్చే ఖాళీ ఇంటిని అందుకే ‘గత్’ ఇల్లు అంటారు, శుభమైన ఇల్లు.

పండగ విందుల్లో ఈ శబ్దాల ఆట పళ్లాల్లోకి ఎక్కుతుంది. చాంద్రమాన సంవత్సరాది ముందు రాత్రి ఇంటిల్లిపాదీ కలిసి తినేది ‘త్యూన్ నిన్ ఫాన్’. ఏడాదిలో ఏ భోజనం తప్పినా ఇది తప్పకూడదు. కోడిని తలతో తోకతో పెడతారు. మొదలూ చివరా ఉన్న పనికి గుర్తది. చేప ఉండి తీరాలి. ‘యూ’ అంటే చేప, మిగులు కూడా. నల్లటి జుట్టులాంటి ‘ఫాత్ ఛోయ్’ నాచునూ, ఎండబెట్టిన ఆయిస్టర్లు ‘హో సి’నీ కలిపి వండితే ఆ పేరు సంపద పెరగాలి, బేరం బాగుండాలి అన్న దీవెనలా వినబడుతుంది. రుచి కోసం ఆ నాచును ఎవరూ వండరు, దానికి చెప్పుకోదగ్గ రుచే లేదు. పేరు కోసమే గిరాకీ. ఆ గిరాకీకి ఉత్తర చైనా మైదానాల్లో గడ్డి వేళ్లతో సహా లేచిపోయి నేల ఇసుక దిబ్బలవుతోందని 2000లో చైనా ప్రభుత్వం దాని సేకరణను, అమ్మకాన్ని నిషేధించింది. సంవత్సరాదికి దీటుగా నిలిచేది డిసెంబరులో వచ్చే అయనాంతం. ‘దుంగ్ దాయ్ గ్వో నిన్’, శీతాకాలపు పండగ సంవత్సరాది కన్నా పెద్దది అంటారు. ఆ సాయంత్రం హాంకాంగ్ ఆఫీసుల్లో చాలామందిని తొందరగా ఇళ్లకు పంపించేస్తారు. కుటుంబంతో కలిసి తినాలి కాబట్టి.

ఒక్క విందుకు మాత్రం జనం గుండె చేత్తో పట్టుకుని వెళ్లేవారు. వెనకటి రోజుల్లో దుకాణాల యజమానులు సంవత్సరాది దగ్గర పనివాళ్లకు భోజనం పెట్టేవారు. కొత్త ఏడాది అక్కర్లేని మనిషికి యజమాని తన చేత్తో కోడి ముక్క తీసి గిన్నెలో వేసేవాడు. మాట తూలడం లేదు, లెక్కలు తీయడం లేదు. అతను తిని, మర్నాడు మూట సర్దుకోవాలి. ఆ ముక్కకు ‘మో ఛింగ్ గయ్’ అని పేరు, జాలి లేని కోడి. మిగతా రోజుల్లో ఎదుటివాళ్ల గిన్నెలో మంచి ముక్క వేయడమే మమకారం. ఆ ఒక్క పూట అదే సైగ తలకిందులైంది.

కొలువు పోవడానికి ఇప్పుడు ఎక్కువ వినబడే మాట వేరు: ‘ఛావ్ యవ్ యూ’, స్క్విడ్ వేపుడు. వేడి మూకుడులో వేయగానే ఆ సముద్రజీవి ముక్కలు చాపలా చుట్టుకుపోతాయి. దుకాణంలోనే పడుకునే పనివాడు ఉద్యోగం పోయిన రోజు తన పరుపు చుట్ట అలాగే చుట్టుకునేవాడు. బతుకుతెరువుకు ఉన్న మాటలన్నీ ఇలా అన్నం గిన్నె దగ్గరే తేలతాయి. సంపాదించుకోవడం ‘వన్ సిక్’, తిండి వెతుక్కోవడం. టాక్సీ నడిపేవాడూ, బ్యాంకు ఉద్యోగీ ఇద్దరూ వెళ్లేది వన్ సిక్‌కే. ఉద్యోగం ‘ఫాన్ వున్’, అన్నం గిన్నె. ఊడిపోని సర్కారు కొలువు ఇనుప గిన్నె. ఒకరి పని పోగొడితే గిన్నె పగలగొట్టినట్టు. రోజుకూలీది ‘సవ్ తింగ్ హవ్ తింగ్’, చెయ్యి ఆగితే నోరు ఆగుతుంది. రెక్కాడితే గానీ డొక్కాడదన్న తెలుగు మాటకు అది తోబుట్టువు. పెళ్లాం సంపాదన మీద బతికే మగవాడు ‘సిక్ యూన్ ఫాన్’, మెత్తన్నం తినేవాడు. జైల్లో ఉన్నవాడు ‘సిక్ వోంగ్ గా ఫాన్’, రాచవారి అన్నం తింటున్నాడు. హాంకాంగ్‌ను బ్రిటిష్ రాణి వదిలి 1997కే వెళ్లిపోయినా, జైలు కూడు మాత్రం రాచకూడుగానే మిగిలింది. పెట్టిన చేతిని కరిచేవాడిది ‘సిక్ వున్ మిన్, ఫాన్ వున్ దయ్’. గిన్నె పైనున్నది తిని, గిన్నె అడుగు తిరగేశాడని. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమే. చేసినదానికి ఫలితం అనుభవించక తప్పదనడానికి ఉప్పుచేప తిన్నవాడు దాహానికి ఓర్చుకోవాలి అంటారు. తెలుగు సామెత ఉప్పు తిన్నవాడికి నీళ్లైనా ఇచ్చింది. వాళ్ల సామెత అదీ ఇవ్వలేదు.

ప్రేమ, కాలక్షేపం కూడా వంటింట్లోంచే మాటలు తెచ్చుకున్నాయి. అసూయపడడం వెనిగర్ తాగడం. మనసిచ్చిన అమ్మాయి కాదంటే నిమ్మకాయ తినడం. ఒకరి తప్పు తన నెత్తిన పడితే చచ్చిన పిల్లిని తినడం. కొత్త జంట డబ్బు లెక్క చూడకపోతే పెద్దవాళ్లు ‘యవ్ ఛింగ్ యమ్ సోయ్ బావ్’ అని పెదవి విరుస్తారు. ప్రేమ ఉంటే నీళ్లు తాగినా కడుపు నిండుతుందట. సన్నసెగ మీద మరిగించడమనే ‘బో’ క్రియ వంటగది దాటి ఎంత దూరం పోయిందో చూడాలి. గంటలకొద్దీ ఫోన్లో మాట్లాడడం ‘బో దిన్ వా జుక్’, టెలిఫోన్ జావ కాయడం. సీరియల్ ఎపిసోడ్లన్నీ ఒకే బిగిన చూడడం ‘బో కెక్’, నాటకం మరిగించడం. అయ్యేదీ లేదు పొయ్యేదీ లేదని తెలిసినా బేరం గురించి మాట్లాడుతూనే ఉంటే అది ‘బో మో మయ్ జుక్’, బియ్యం లేని జావ కాయడం.

ఆదివారం పొద్దున మాత్రం కుటుంబం ఇంట్లో తినదు. మూడు తరాలూ టీ హోటల్‌లో గుండ్రబల్ల చుట్టూ చేరతాయి. దీన్ని ‘యమ్ ఛా’ అంటారు, టీ తాగడం. టీ అన్నది పేరుకే. వెదురు బుట్టల్లో ఆవిరి కక్కుతూ వచ్చే డిమ్ సమ్ కోసమే రావడం. పాత రోజుల్లో ఒంటరిగా వచ్చే పెద్దాయన లెక్క ‘యత్ జుంగ్ లొంగ్ గిన్’. మూత ఉన్న ఒక కప్పు టీ, రెండు ముక్కల తిండి, ఒక వార్తాపత్రిక, సగం పొద్దు. పక్కవాళ్ల కప్పులో టీ పోస్తే వాళ్లు రెండు వేళ్లతో బల్ల మీద తట్టి కృతజ్ఞత చెబుతారు. మారువేషంలో తిరిగే ఛియన్‌లాంగ్ చక్రవర్తి తన సేవకుడి కప్పులో టీ పోశాడనీ, బయటపడి సాష్టాంగపడలేక సేవకుడు వేళ్లతోనే మోకరిల్లాడనీ ఒక కథ చెబుతారు. చివర్లో అసలు యుద్ధం ‘మాయ్ దాన్’, బిల్లు కట్టడం, దగ్గర జరుగుతుంది. పెదనాన్న, మేనత్త భర్త బిల్లు కాగితం కోసం లాక్కుంటారు. ముందే లేచి చేతులు కడుక్కునే వంకతో కౌంటర్ దగ్గర కట్టేసి వచ్చిన మనిషిదే గెలుపు. దారిలో కలిసిన పాత స్నేహితుడు విడిపోతూ ‘దక్ హాన్ యమ్ ఛా’, తీరికున్నప్పుడు టీ తాగుదాం, అంటే డైరీలో రాసుకోకూడదు. వెళ్లొస్తానని మాత్రమే దాని అర్థం. పానీయం టీ కాకుండా కాఫీ అయితే జాగ్రత్తపడాలి. 1974లో ఏర్పడిన హాంకాంగ్ అవినీతి నిరోధక స్వతంత్ర కమిషన్ విచారణకు పిలవడాన్ని జనం ‘కాఫీ తాగడానికి పిలిచారు’ అంటారు.

ఇంటి భోజనంలో చివరి మాటలు తక్కువే. కడుపు నిండి కళ్లు మూతలు పడుతుంటే ‘ఫాన్ హెయ్ గుంగ్ సమ్’ అంటారు. అన్నపు ఆవిరి గుండె మీద దండెత్తిందని. భుక్తాయాసానికి ఇంత వీరోచితమైన వర్ణన ఇంకెక్కడా దొరకదు. అర్ధరాత్రి దాకా మేలుకున్న మనిషికి ఆకలేస్తోందా, ఒక గిన్నెడు నూడుల్స్ చేసి పెట్టనా అని అడగడం టీవీబీ చానెల్ సీరియళ్లలో ఎన్నిసార్లు వచ్చిందంటే, హాంకాంగ్ జనం ఇప్పుడు దాన్ని ఎగతాళికి వాడుతున్నారు. ఏడుపు సన్నివేశం తర్వాత ఆ మాట రాకపోతేనే ఆశ్చర్యం. నిజం ఇళ్లలోనూ గొడవ జరిగిన రాత్రి రాజీ అలాగే మొదలవుతుందన్నది ఎగతాళి చేసేవాళ్లకూ తెలుసు. ఇక బల్ల దగ్గర ముందుగా తినేసినవాళ్లు ఊరికే లేచిపోరు. గిన్నె అంచు మీద చాప్‌స్టిక్స్ జత సరిచేసి పెట్టి, ఇంకా తింటున్నవాళ్లతో ‘మాన్ మాన్ సిక్’ అంటారు. నెమ్మదిగా తినండి అని. అప్పుడు కుర్చీ వెనక్కి జరుపుతారు.